తొమ్మిదుల లెక్క: ఆన్‌లైన్ సేవల విశ్వసనీయతను కొలిచేదెలా?

బ్యాంకు చెల్లింపులు, పన్ను రిటర్నులు, రైలు టికెట్లు, సరుకుల ఆర్డర్లు, జీతాల పట్టికలు ఒకప్పుడు కాగితం మీదా కౌంటర్ల ముందూ నడిచేవి. అవన్నీ ఇంటర్నెట్ అప్లికేషన్లలోకి మారాక, అప్లికేషన్ మొరాయించిన ప్రతి నిమిషం వ్యాపారం ఆగిన నిమిషంగానే లెక్కకు వస్తోంది. అందువల్ల ఒక సేవను ఎంతవరకు నమ్ముకోవచ్చు అనే ప్రశ్నకు అభిప్రాయం చాలదు, అంకె కావాలి. సేవలందించే సంస్థలు ఆ అంకెను 99.9 శాతమనీ 99.99 శాతమనీ ప్రకటిస్తుంటాయి. నూటికి నూరుకు వెంట్రుకవాసి దూరంలో ఉన్నట్లు కనిపించే ఈ అంకెల వెనుక, ఏది కొలిచారు, ఎక్కడ నిలబడి కొలిచారు, దేన్ని లెక్కలోంచి తీసివేశారు అనే మూడు విషయాలు దాగి ఉంటాయి. వాటిని విప్పి చూడనిదే ఆ అంకె దేనికి హామీ ఇస్తోందో తెలియదు.

అందుబాటు, నిలకడ, విశ్వసనీయత

అడిగిన క్షణాన సేవ సిద్ధంగా ఉండటాన్ని అందుబాటు అనీ, మొదలుపెట్టిన పని మధ్యలో తెగిపోకుండా చివరిదాకా సాగడాన్ని నిలకడ అనీ కంప్యూటర్ శాస్త్రం వేరుచేసి చూస్తుంది. సమాచారం చెడిపోకుండా ఉండటం, చెడిన వ్యవస్థను త్వరగా బాగుచేయడానికి వీలుండటం, విఫలమైనప్పుడు కూడా పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టకపోవడం అనే గుణాలు ఈ రెండింటికి తోడైతే, ఆ మొత్తానికి విశ్వసనీయత అని పేరు. ఆల్గిర్దాస్ అవిజియెనిస్, జాన్-క్లాడ్ లాప్రీ, బ్రయాన్ రాండెల్, కార్ల్ లాండ్‌వేర్ అనే నలుగురు శాస్త్రవేత్తలు 2004లో వెలువరించిన పరిశోధన పత్రం ఈ పరిభాషను ఒక కొలిక్కి తెచ్చింది. వారి విభజన ప్రకారం వ్యవస్థలో నిద్రాణంగా పడి ఉన్నది లోపం. అది మేలుకొని లోపలి లెక్కలను తప్పు దారి పట్టిస్తే దోషం. ఆ దోషం బయటికి పొక్కి, అందవలసిన సేవ అందకుండా పోతే వైఫల్యం. వాడుకరికి కనిపించేది వైఫల్యమొక్కటే కాబట్టి కొలత అక్కడి నుంచి మొదలవుతుంది; నివారణ మాత్రం లోపం దగ్గరే మొదలుకావాలి.

అందుబాటును లెక్కకట్టే సూత్రం సులువైనదే. రెండు వైఫల్యాల నడుమ వ్యవస్థ సగటున ఎంతకాలం పనిచేసిందో, ఒక్కో వైఫల్యం తరువాత తేరుకోవడానికి సగటున ఎంతకాలం పట్టిందో తీసుకొని, పనిచేసిన కాలాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే చాలు. సగటున 1,000 గంటలు నడిచి, ఆగిన ప్రతిసారీ గంటలో తేరుకొనే సేవ అందుబాటు 99.9 శాతం. దాన్ని 99.99కు పెంచదలిస్తే వైఫల్యాల నడుమ ఎడాన్ని 10,000 గంటలకు సాగదీయడం ఒక దారి, తేరుకొనే సమయాన్ని గంట నుంచి 6 నిమిషాలకు కుదించడం ఇంకొక దారి. చెడని యంత్రాన్ని తయారుచేయడం కంటే చెడినదాన్ని చప్పున నిలబెట్టడమే తరచుగా తక్కువ ఖర్చుతో తేలుతుంది కనుక, ఆధునిక ఆన్‌లైన్ సేవల రూపకల్పన ఎక్కువగా ఈ రెండో దారినే నడుస్తోంది.

ఈ రంగంలో పనిచేసేవారు అందుబాటును తొమ్మిదులలో చెప్పుకుంటారు. రెండు తొమ్మిదులు, అంటే 99 శాతం అందుబాటు ఉన్న సేవ ఏడాదిలో 3 రోజుల 15 గంటలకు పైగా ఆగిపోవచ్చు. మూడు తొమ్మిదులైతే దాదాపు 8 గంటల 45 నిమిషాలు. నాలుగైతే సుమారు 53 నిమిషాలు. అయిదైతే 5 నిమిషాల పైచిలుకు. తొమ్మిది ఒక్కటి పెరిగినప్పుడల్లా ఆగే సమయం పదో వంతుకు తగ్గుతుంది. అయిదు తొమ్మిదుల స్థాయిలో, మోగిన హెచ్చరికను విని ఒక ఉద్యోగి నిద్రలేచి కంప్యూటర్ తెరిచేలోపే ఏడాది మొత్తానికి అనుమతించిన వ్యవధి గడిచిపోతుంది. కాబట్టి అక్కడ మనిషి చేయి పడకుండా వ్యవస్థ తనంతట తాను సర్దుకోవలసిందే.

అయితే తొమ్మిదుల సంఖ్య ఒకటే అయినంత మాత్రాన రెండు సేవలు సమానమైపోవు. ఏడాదికి ఒకేసారి, వరుసగా 8 గంటల 45 నిమిషాలు ఆగిపోయే సేవకూ, ప్రతి రోజూ 86 సెకన్ల పాటు ఆగే సేవకూ అందుబాటు 99.9 శాతమే. కూరగాయల ఆర్డరు పెట్టే వ్యక్తి రెండో రకాన్ని పెద్దగా పట్టించుకోకపోవచ్చు గానీ, మధ్యలో తెగితే మళ్లీ మొదటి నుంచి ప్రారంభించవలసిన 30 గంటల లెక్కల పని ఆ సేవ మీద ఎన్నటికీ పూర్తికాదు. మొదటి రకం సేవ జీతాలు వేసే రోజున ఆగిందంటే సంస్థ మొత్తం స్తంభిస్తుంది. అందుబాటును మాత్రమే చూసి నిలకడను చూడకపోతే ఈ తేడా కంటికి ఆనదు.

గొలుసులోని లంకెలు

ఒక ఆన్‌లైన్ సేవ ఒకే యంత్రం మీద నడవడం ఈనాడు అరుదు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఎన్‌పీసీఐ, ప్రారంభించిన యూపీఐ చెల్లింపునే తీసుకుంటే, డబ్బు పంపేవారి ఫోనులోని యాప్, ఆ యాప్‌ను యూపీఐతో కలిపే బ్యాంకు, ఎన్‌పీసీఐ కేంద్ర స్విచ్, పంపేవారి ఖాతా ఉన్న బ్యాంకు, అందుకొనేవారి ఖాతా ఉన్న బ్యాంకు, అందుకొనేవారి యాప్ వెనుక ఉన్న బ్యాంకు అనే ఆరు అంచెలు తమ తమ పని సక్రమంగా చేస్తేనే దుకాణంలోని సౌండ్ బాక్స్ డబ్బు వచ్చినట్లు పలుకుతుంది. ఒక్కొక్క లంకె అందుబాటు 99.9 శాతం అనుకుంటే, వరుసగా కలిసిన ఆరు లంకెల అందుబాటు ఆ అంకెను ఆరుసార్లు గుణించగా వచ్చే 99.4 శాతం. నెలకు 43 నిమిషాలు మాత్రమే ఆగే లంకెలు ఆరు కలిసిన గొలుసు 4 గంటల 18 నిమిషాలు ఆగుతుందన్నమాట. ఇందులో టెలికాం నెట్‌వర్కును ఇంకా కలుపుకోలేదు. ప్రతి సంస్థా తన వంతు తాను మూడు తొమ్మిదులతో నెగ్గుకొచ్చానని నిజాయితీగానే చెప్పుకోవచ్చు. దుకాణదారుకు మాత్రం ఆ మూడో తొమ్మిది కనిపించదు.

వరుసలో ఉన్న లంకెలు బలహీనతను పెంచితే, పక్కపక్కనే ఉన్న జంటలు బలాన్ని పెంచుతాయి. 99 శాతం అందుబాటు ఉన్న సర్వర్లు రెండింటిని, ఒకటి పడిపోతే రెండోది అందుకొనేలా అమరిస్తే, రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం నూటికి ఒకటిలో మళ్లీ నూటికి ఒకటి, అంటే పదివేలకు ఒకటి. కాగితం మీద అందుబాటు 99.99కు చేరుతుంది. ఈ లెక్క నిలిచేది రెండు సర్వర్ల వైఫల్యాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే. రెండూ ఒకే విద్యుత్ లైను మీదో, ఒకే సాఫ్ట్‌వేర్ మీదో నడుస్తుంటే ఒకే కారణం రెండింటినీ పడగొడుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక ఫైలు, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కుప్పకూల్చింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాలలో అవి ఒక శాతం కూడా కావు. అయినా విమానయానం, ఆసుపత్రులు, బ్యాంకులు ఒక్కసారిగా దెబ్బతిన్నాయి, భారతీయ విమానాశ్రయాలలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసివచ్చింది. అసలు యంత్రమూ దానికి తోడుగా ఉంచిన యంత్రమూ ఒకే ఫైలును ఒకే వేళ అందుకున్న చోట, ఎన్ని తోడు యంత్రాలున్నా ఒక్కటి ఉన్నట్లే.

ఎక్కడ నిలబడి కొలవాలి?

సేవ ఎన్ని నిమిషాలు నడిచిందని గడియారం పెట్టి కొలవడం పాత పద్ధతి. తెల్లవారుజామున 3 గంటలకు ఆగిన పది నిమిషాలూ, పండుగ ముందు రోజు సాయంత్రం ఆగిన పది నిమిషాలూ ఈ కొలతలో సమానమే. వచ్చిన అభ్యర్థనలలో ఎన్నింటికి సరైన జవాబు అందిందని లెక్కించే పద్ధతి దీనికంటే మెరుగైనది, ఎందుకంటే రద్దీ వేళ జరిగిన వైఫల్యానికి అందులో దానంతటదే ఎక్కువ బరువు వస్తుంది. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి. అంతటి రాశిలో 0.1 శాతం అంటే 2 కోట్ల లావాదేవీలు. అభ్యర్థనల లెక్క కూడా అన్ని సేవలకూ సరిపోదు. జీఎస్టీ పోర్టల్ వంటి వాటికి అవసరమంతా గడువు తేదీల చుట్టూ ముసురుకొని ఉంటుంది. 2025 జనవరిలో సాంకేతిక ఇబ్బందుల మూలంగా జీఎస్టీఆర్-1 దాఖలు గడువును 11వ తేదీ నుంచి 13వ తేదీకి పొడిగించవలసివచ్చింది. అటువంటి సేవకు ఏడాది సగటు కంటే, గడువుకు ముందరి రెండు రోజుల అందుబాటును విడిగా చూడటమే అర్థవంతమైన కొలత.

సర్వర్ దగ్గర కూర్చొని లెక్కించడంలో మరొక చిక్కు ఉంది. లాగిన్ పేజీయే తెరుచుకోనప్పుడు వాడుకరి విసిగి వెళ్లిపోతారు. ఆయన పంపవలసిన తరువాతి అభ్యర్థనలు సర్వర్ దాకా రానే రావు. చేరనివాటిని విఫలమైనవిగా సర్వర్ నమోదు చేయలేదు కాబట్టి, చిట్టాలో రద్దీ తగ్గినట్లు కనిపిస్తుందే తప్ప వైఫల్యం పెరిగినట్లు కనిపించదు. ఈ కారణంగానే జాగ్రత్త గల సంస్థలు వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు నెట్‌వర్కుల మీదుగా, నిజమైన వాడుకరి చేసే పనినే నిమిష నిమిషానికీ చేసి చూసే పరీక్షా కార్యక్రమాలను బయట ఏర్పాటు చేసుకుంటాయి. ఆ పరీక్ష కూడా హోమ్‌పేజీ తెరుచుకుందో లేదో చూసి ఆగిపోకూడదు. వస్తువును ఎంచుకొని, డబ్బు చెల్లించి, రశీదు అందేదాకా సాగాలి.

ఆలస్యాన్ని కొలిచేటప్పుడు సగటును నమ్మడం వల్ల పొరపాటు జరుగుతుంది. నూరు అభ్యర్థనలలో 95కు 0.2 సెకన్లలోనూ, 5కు 20 సెకన్లకూ జవాబు వచ్చిందనుకుంటే సగటు 1.19 సెకన్లు, ఆ అంకెను చూసిన యాజమాన్యం సంతృప్తి పడుతుంది గానీ నూటికి అయిదుగురు విసిగి వేసారి ఉంటారు. అందుకే అభ్యర్థనలను వేగం వారీగా వరుసలో నిలబెట్టి, నూటిలో 95వ స్థానంలోనో 99వ స్థానంలోనో ఉన్నవారు ఎంతసేపు వేచి ఉన్నారని చూస్తారు. ఇన్ని సెకన్లు దాటితే జవాబు వచ్చినా రానట్లే అని ముందుగా ఒక హద్దు గీసుకుంటే, నత్తనడకన నడిచే సేవను పనిచేస్తున్న సేవగా చెప్పుకొనే వీలుండదు.

ఏ వైఫల్యం ఎవరి ఖాతాలో పడాలన్నది కూడా అంకెను మార్చేస్తుంది. యూపీఐలో విఫలమైన లావాదేవీలను ఎన్‌పీసీఐ రెండు పద్దులుగా విడదీసి బ్యాంకులవారీగా ప్రకటిస్తుంది: సర్వర్ అందకపోవడం, నెట్‌వర్కు సమస్యల వంటివి సాంకేతిక తిరస్కరణలు, పిన్ తప్పు కొట్టడం, పరిమితి దాటడం వంటివి వ్యాపారపరమైన తిరస్కరణలు. ఇది సబబైన విభజనే, బ్యాంకులను పోల్చి చూడటానికి వీలు కల్పించేదే. అదే సమయంలో, తికమక పెట్టే తెర మూలంగా పిన్ తప్పు పడినా అది వాడుకరి ఖాతాలోకే పోతుందన్న సంగతి మరువరాదు. ఇక సేవా ఒప్పందాలలో ముందుగా ప్రకటించిన నిర్వహణ విరామాలను లెక్కలోంచి తీసివేయడం పరిపాటి. సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ ఈసీ2 సేవ ఒప్పందంలో నెలవారీ అందుబాటు 99.99 శాతం కంటే తగ్గి 99 శాతం వరకు ఉంటే బిల్లులో 10 శాతం తగ్గింపు లభిస్తుంది. ఆ తగ్గింపు కట్టవలసిన అద్దె మీదే గాని, ఆగిపోయిన వ్యాపారం వల్ల వచ్చిన నష్టం మీద కాదు.

తేరుకొనే కాలంలో ఏముంది?

టాండెమ్ సంస్థలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగుతాయన్న ప్రశ్న మీద ఒక నివేదిక రాశారు. ప్రతి భాగాన్నీ జంటగా అమర్చిన ఆ సంస్థ యంత్రాలలో, హార్డ్‌వేర్ వల్ల కలిగిన వైఫల్యాలు 18 శాతమే. నిర్వహణలోని పొరపాట్ల వల్ల కలిగినవి 42 శాతం. తదనంతర కాలపు పెద్ద వైఫల్యాలలో పలు ఉదంతాలు ఆ పరిశీలనకు బలమిచ్చేవే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవలో, బిల్లింగ్ వ్యవస్థను సరిచేస్తున్న ఉద్యోగి కొట్టిన ఆదేశంలో ఒక పొరపాటు దొర్లి, తీయదలచిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. సేవ పూర్తిగా తేరుకోవడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది. సేవల స్థితిని ప్రజలకు చూపే అమెజాన్ ఫలకం సైతం ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో చాలాసేపు దాన్ని సరిదిద్దే వీలు లేకపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మూగబోయినప్పుడు కూడా, బాగుచేయడానికి వాడవలసిన అంతర్గత పరికరాలు అదే నెట్‌వర్కుతో పాటు చేతికందకుండా పోయాయి. బావిలో పడిన బిందెను తీయవలసిన కొక్కెం కూడా అదే బావిలో ఉన్న చందం ఇది.

తేరుకొనే కాలమంటే మరమ్మతుకు పట్టే కాలం ఒక్కటే కాదు; వైఫల్యాన్ని గమనించడం, కారణం పోల్చుకోవడం, ఏం చేయాలో నిర్ణయించడం, చేయడం, సరిగా అయిందో లేదో సరిచూడటం అన్నీ అందులో భాగాలే. వీటిలో నిర్ణయానికి పట్టే సమయాన్ని ఎవరూ ముందుగా లెక్క వేయరు. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉదయం 11.40 ప్రాంతంలో ఆగిన ట్రేడింగ్, మధ్యాహ్నం 3.45కు గాని మళ్లీ మొదలుకాలేదు. రెండు టెలికాం సంస్థల నుంచి తీసుకున్న లింకులు రెండూ ఇబ్బంది పెట్టగా, విపత్తు వేళ కోసం ఉంచిన ప్రత్యామ్నాయ కేంద్రానికి మాత్రం ఆ రోజు మారలేదు. ఆ మరుసటి నెలలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ జారీచేసిన నిబంధన, కీలక వ్యవస్థ ఆగిన 30 నిమిషాలలోపు దాన్ని విపత్తుగా ప్రకటించాలనీ, ప్రకటించిన 45 నిమిషాలలో ప్రత్యామ్నాయ కేంద్రం నుంచి పని మొదలుకావాలనీ నిర్దేశించింది. యంత్రానికి కాక, నిర్ణయం తీసుకోవలసిన మనుషులకు గడువు పెట్టడం ఇందులోని విశేషం.

లక్ష్యం, మిగులు, పరీక్ష

గూగుల్‌లో 2003లో బెన్ ట్రేనర్ స్లాస్ ఆరంభించిన విశ్వసనీయతా ఇంజినీరింగ్ విభాగం ఈ కొలతలను రోజువారీ నిర్ణయాలకు ముడిపెట్టింది. నూరు శాతం లక్ష్యంగా పెట్టుకోరాదన్నది వారి మొదటి సూత్రం, 99.9 శాతం లక్ష్యమైతే, నెలకు 43 నిమిషాల వైఫల్యం ఖర్చుపెట్టుకోదగిన నిధి అవుతుంది. నిధి మిగిలి ఉన్నంతకాలం కొత్త మార్పులు విడుదల చేయవచ్చు. అయిపోతే మార్పులను ఆపి, ఉన్నదాన్ని గట్టిపరచాలి. త్వరగా కొత్తవి తేవాలనే బృందానికీ, ఏదీ కదపవద్దనే బృందానికీ మధ్య నిత్యం నడిచే వాదం ఈ విధంగా ఒక అంకె దగ్గర తెగుతుంది. గూగుల్‌లోని చబ్బీ అనే సేవ విషయంలో మరీ విచిత్రం జరిగింది. అది ఎన్నడూ ఆగకపోవడంతో మిగతా సేవలన్నీ అది ఎప్పటికీ ఆగదన్న ధీమాతో దాని మీద వాలిపోయాయి. దాంతో, లక్ష్యానికి మించి బాగా నడిచిన త్రైమాసికంలో దాన్ని కావాలనే కొంతసేపు ఆపి, ధీమాతో కట్టుకున్న ఆధారాలను బయటపెట్టే పద్ధతిని ఇంజినీర్లు ప్రవేశపెట్టారు.

నెట్‌ఫ్లిక్స్ ఇదే ఆలోచనను ఇంకొంత ముందుకు తీసుకుపోయింది. 2008లో డేటాబేస్ చెడిపోయి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయిన ఆ సంస్థ, క్లౌడ్‌కు మారే క్రమంలో కేయాస్ మంకీ అనే కార్యక్రమాన్ని రూపొందించింది. పని వేళలలో, ఇంజినీర్లందరూ మెలకువగా ఉండగా, నడుస్తున్న సర్వర్లలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఆపివేయడమే దాని పని. తోడు సర్వర్ నిజంగా భారం అందుకుంటుందో లేదో కాగితం మీది లెక్క చెప్పలేదు. ఆపి చూస్తేనే తేలుతుంది.

జరిగిందో లేదో తెలియని స్థితి

పై కొలతలన్నీ లావాదేవీకి జరగడం, జరగకపోవడం అనే రెండే గతులున్నాయని అనుకుంటాయి. డబ్బు వ్యవహారంలో మూడో గతి ఒకటుంది: పంపినవారి ఖాతాలో డబ్బు తరిగి, అందుకోవలసిన వారికి చేరిందో లేదో ఎవరికీ తెలియని స్థితి. అభ్యర్థన దారిలో తప్పిపోయిందా, జవాబు తిరుగుదారిలో తప్పిపోయిందా అన్నది పంపిన యంత్రానికి తెలిసే వీలు లేదు. ఊరికే మళ్లీ పంపితే రెండుసార్లు చెల్లింపు జరిగే ప్రమాదం ఉంటుంది. ఇందుకు విరుగుడుగా ప్రతి లావాదేవీకి ప్రత్యేక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారే పని జరిగేలా వ్యవస్థను కడతారు.

తెలియనితనం ముదిరితే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 12న యూపీఐ చవిచూసింది. తేలని లావాదేవీల సంగతి ఏమైందని కొన్ని బ్యాంకుల వ్యవస్థలు, పాత లావాదేవీల విషయంలో కూడా, పదేపదే అడగడంతో ఆ ప్రశ్నల వెల్లువే కేంద్ర వ్యవస్థ మీద భారమై కూర్చుంది. ఆ తరువాత ఒక లావాదేవీ స్థితిని రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగరాదన్న పరిమితిని ఎన్‌పీసీఐ విధించింది. వైఫల్యాన్ని ఆరా తీసే పద్ధతే మరింత వైఫల్యానికి కారణం కాగలదు కనుక, విశ్వసనీయతను అంచనా వేసేవారు మామూలు రద్దీతో పాటు, సేవ తడబడినప్పుడు ఎగసిపడే ఈ రెండో రద్దీని కూడా పరీక్షించి చూడాలి.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో తెచ్చిన నిబంధన ఈ మూడో గతికి ఒక ముగింపు ఏర్పరచింది. యూపీఐ ద్వారా ఒక వ్యక్తి నుంచి మరొకరికి పంపిన డబ్బు ఖాతాలో తరిగి అవతల జమ కాకపోతే మరుసటి రోజులోపు, వ్యాపారికి చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే అయిదు రోజులలోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు 100 రూపాయలు చెల్లించాలి. సేవ ఎన్నిసార్లు విఫలం కావచ్చో ఈ నిబంధన చెప్పదు. విఫలమైనది ఎంతకాలంలో తేలాలో చెబుతుంది. వాడుకరి వైపు నుంచి చూస్తే విశ్వసనీయతలో సగభాగం ఇదే.

కాబట్టి ఒక సంస్థ తన వ్యాపారానికి ఆన్‌లైన్ అప్లికేషన్‌ను ఎంచుకొనేటప్పుడు, ప్రకటించిన శాతాన్ని చూసి సరిపెట్టుకోకుండా కొన్ని ప్రశ్నలు వేయవలసి ఉంటుంది. ఆ శాతం సర్వర్ దగ్గర కొలిచినదా, వాడుకరి దగ్గర కొలిచినదా? నిర్వహణ విరామాలు అందులో కలిశాయా? తన వ్యాపారానికి రద్దీగా ఉండే రోజులలో ఆ అంకె ఎంత? తోడు కేంద్రానికి చివరిసారి నిజంగా మారి చూసింది ఎప్పుడు? సగంలో తెగిన లావాదేవీని ఎవరు, ఎన్నాళ్లలో తేలుస్తారు? మూడు తొమ్మిదుల సంగతి ప్రకటనలోనే ఉంటుంది. ఈ ప్రశ్నలన్నీ మిగిలిన 0.1 శాతానికి సంబంధించినవి, కౌంటర్ దగ్గర ఫోను తెర వైపు చూస్తూ నిలబడిన కొనుగోలుదారు, సౌండ్ బాక్స్ పలుకు కోసం చెవి ఒగ్గిన దుకాణదారు ఆ క్షణాన ఉన్నది అందులోనే.